ఇప్పచెట్టు కింద పాత చీరలు

నా ఉద్యోగం ఏమిటని మధిరలో బంధువులు అడిగితే చెప్పడానికి నాకు కాస్త మొహమాటం. రోజూ పొద్దున ఒక తెల్ల కాగితం తీసి, ఇంకో తెల్ల కాగితం పెడతాను. అంతే. చర్ల దాటాక ఒక అడవి పల్లెలో, బడి డాబా మీద, గాలిని పీల్చే మిషన్ ఒకటి ఉంది. గాలిలోని పొగ, మసి, సన్నటి దుమ్ము ఆ కాగితం మీద పేరుకుంటాయి. దాన్ని కవరులో పెట్టి, తారీఖు రాసి, వారానికోసారి బస్సులో హైదరాబాదు పంపుతాను. అక్కడి సారు వాటిని పరీక్షించి, ఈ మసికీ మన వానలకూ ఉన్న సంబంధం చూస్తారు.

నేను ఉండేది ఒక కోయ అవ్వ ఇంట్లో, వసారా పక్క గదిలో. ఆమెకు గుట్టవారన చిన్న చేను, బడి వెనక మూడు ఇప్పచెట్లు, ఆనపకాయ బుర్రలో దాచుకున్న జొన్న విత్తనం ఉన్నాయి. ఆ విత్తనం వాళ్ల అత్త చేతి నుంచి వచ్చింది. ఊరంతా పత్తికి మళ్లింది కాబట్టి, అది పోతే మళ్లీ దొరకదు. నేను రాకముందు ఏడాది తొలకరికే చల్లితే వాన మొహం చాటేసి గింజలు చీమల పాలయ్యాయట. బుర్రలో మిగిలింది సగమే.

వచ్చిన మొదటి ఎండాకాలమే నా పరువు పోయింది. వరసగా మూడు రోజులు కాగితం గిన్నె అడుగులా నల్లబడింది. నేనేదో కనిపెట్టేసినవాడిలా సారుకు ఫోన్ చేసి, "పట్నాల పొగ అడవి దాకా వచ్చేసింది సార్" అన్నాను. రిజిస్టరులోనూ అదే రాశాను. నాలుగో రోజు సాయంత్రం డాబా మీంచి కిందికి చూద్దును గదా, గోడ పక్కనే మా అవ్వ ఇప్పచెట్టు కింద ఎండుటాకులు పోగు చేసి నిప్పు పెడుతోంది. ఇక్కడ అందరూ చేసే పనే. ఆకు కాల్చి నేల శుభ్రం చేసుకుంటే, తెల్లారి రాలిన పూలు ఏరుకోవడం తేలిక. మూడు రోజులుగా ఆ పొగ వాసన పీలుస్తూనే నేను పట్నాలను తిట్టుకున్నాను.

సారు కోప్పడలేదు. "రాసింది కొట్టెయ్యకండి, పక్కన అసలు సంగతి రాయండి" అన్నారు.

అవ్వ మాత్రం ఊరుకోలేదు. "ఏందయ్యా, నా చెట్టు కింది పొగకు గన్ని రాతలేంది?" అంది.

సారు నాకు చెప్పిందే ఆమెకు చెప్పాను. గాలిలో మసి ఎక్కువైతే ఎండ నేలకు సరిగా తగలదు. నేల కాగకపోతే సముద్రం మీది గాలి ఇటు గట్టిగా రాదు. పైగా మబ్బులోని నీళ్లు ఆ నలకలన్నిటికీ పంచుకుపోయి చుక్కలు చిన్నవైపోతాయి, చిన్న చుక్కలు తొందరగా కిందికి దిగవు.

"పది మందికి కాసిన జావ నూరు మందికి పోస్తే ఎవ్వరి కడుపు నిండదు. గట్లనేనా?"

"అవ్ అవ్వా, గట్లనే" అన్నాను. నాకు నేర్చుకోవడానికి నెలలు పట్టిన సంగతిని ఆమె ఒక్క జావతో తేల్చేసింది. భలే ముచ్చటేసింది.

జూన్‌లో తొలకరి పడింది. విత్తనాల పండగ చేసుకుని ఊరంతా చేలకు బయల్దేరింది. అవ్వ బుర్ర చంకన పెట్టుకుని నా గుమ్మం ముందు ఆగింది. "నీ మిషన్ ఏమంటది? చల్లాల్నా, ఆగాల్నా?"

వాన సంగతి మిషన్‌కు తెలియదు, నాకూ తెలియదు. ఆ మాటే చెప్పాను. "గంత పెద్ద మిషన్ పెట్టుకొని గిదేంది" అని విసుక్కుంది. వెళ్లబోతుంటే నా నోరు ఊరుకోలేదు. "ఈ మధ్య వాన ఒకసారి పడి, చాలా రోజులు ఎగ్గొడుతోందవ్వా. సగం ఉంచు" అన్నాను. వాన గనక ఆగకపోతే, ఆలస్యంగా చల్లిన సగం దండగ. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. సగం గింజలు చేటలోకి పోసుకుని, బుర్రను నా గదిలోనే దండేనికి కట్టింది. "పోతే నీ మీదనే" అంది.

ఆ తర్వాత పదహారు రోజులు చుక్క పడలేదు. ఆకాశం తెల్లగా మసకేసి, గుట్ట కూడా కనబడేది కాదు. మబ్బులు వచ్చి పోయేవి. చల్లిన జొన్న మొలిచి, మాడిపోయింది. ఇక మిగిలింది నా గదిలో వేలాడే ఆ బుర్రే, రోజుకు నాలుగుసార్లు దాన్ని తడిమి చూసుకునేవాణ్ని. పదిహేడో రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది, మూడు రోజులు వదల్లేదు. తెరిపి ఇవ్వగానే అవ్వ బుర్ర విప్పుకుని చేనుకు వెళ్లింది. వాన అన్నాళ్లు ఎగ్గొట్టడానికి పొగే కారణమని నేను రిజిస్టరులో రాయలేదు. ఒక్క ఏడాది చూసి అట్లా తేల్చలేమని సారు అన్నారు, ఒకసారి తొందరపడి నాకూ బుద్ధొచ్చింది.

చలికాలంలో కంకులు కోశాం. పెద్ద పంటేం కాదు, కానీ బుర్ర నిండింది. ఆ రోజు కొత్త జొన్నరొట్టె తింటుంటే, మా ఇద్దరికన్నా సుఖంగా ఉన్నవాళ్లు ఆ చుట్టుపక్కల లేరనిపించింది.

మళ్లీ ఇప్పపూల కాలం వచ్చింది. ఒక పొద్దున అవ్వ నన్ను లేపి బడి వెనక్కి తీసుకెళ్లింది. చెట్ల కింద పాత చీరలు పరిచి ఉన్నాయి, మూలల మీద రాళ్లు, నిండా పూలు. ఆమె పోరు పడలేక పక్కిళ్లవాళ్లు కూడా చీరలే పరిచారు. "ఈ యేడు ఆకు కాల్చలే. పా, నీ కాగితం చూద్దాం" అంటూ నాతోపాటు మెట్లన్నీ ఎక్కింది.

కాగితం తెల్లగా లేదు. నిరుటంత నలుపు కాదు గానీ, బూడిదరంగు.

"నేనైతే కాల్చలే" అంది చిన్నబోయి.

"నీది కాదవ్వా, దూరం నుంచి వచ్చింది" అన్నాను. ఈసారి ముందుగా గోడ చుట్టూ తిరిగి చూసుకునే ఆ మాట అన్నాను. చెయ్యెత్తి మైదానం వైపు చూపించాను. మా మధిర కూడా అటే. మా బండ్లు, ఇటుక బట్టీలు, చేలల్లో మావాళ్లు కాల్చే పత్తికట్టె, అన్నీ అటే.

అవ్వ అటు చూసి, నా వైపు తిరిగింది.

"మీ ఊళ్లె పాత చీరలు లేవా?" అని అడిగింది.

నేను కాగితాన్ని కవరులో పెట్టి, తారీఖు రాస్తూ తల వంచుకున్నాను.