పైకి చదవని కొలతలు

తడిపిన నూలు గుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే లేచే ఆవిరికి ఒక వాసన ఉంటుంది. సగం గంజి వాసన, సగం వానకు తడిసిన మట్టి వాసన. కామారెడ్డిలో నేను అద్దెకు తీసుకున్న ఈ చిన్న కుట్టు దుకాణంలో రోజుకు పదిసార్లయినా ఆ ఆవిరి లేస్తుంది. ఏదో ఒకసారి మాత్రం చెయ్యి ఆగిపోతుంది. వెనక మిషన్ దగ్గర విజయక్క కూర్చుని ఉన్నట్టే అనిపిస్తుంది. తిరిగి చూడను. చూస్తే ఉండదని తెలుసు.

ఎల్లారెడ్డి బస్టాండు వెనక గల్లీలో ఆమె లేడీస్ టైలర్ దుకాణం ఉండేది. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు పుస్తకాలు చదువుతూ, డైరీ రాసుకుంటూ ఇంట్లోనే గడిపిన నన్ను మా అమ్మ తీసుకెళ్ళి అక్కడ చేర్చింది. గిరాకీ వస్తే నేను పరదా వెనక్కి పోయేదాన్ని. "మనుషులను జూస్తే గింత భయమేంది పొల్లా? వాళ్ళేమన్న కరుస్తరా?" అనేది అక్క. అలాగని బలవంతపెట్టలేదు. హుక్కులు, కాజాలు కుట్టే పని ఇచ్చి పరదా పక్కనే కూర్చోబెట్టింది. ఆమె భారీ మనిషి. నవ్వితే మిషన్ బల్ల కూడా కదిలేది. మధ్యాహ్నం ఇద్దరం కలిసి తినేవాళ్ళం. ఆమె మాట్లాడుతూ తినేది, నేను వింటూ తినేదాన్ని.

వేరే దుకాణాల్లో ఒకరు టేపు పట్టి కొలతలు పైకి చెబుతుంటే ఇంకొకరు రాసుకుంటారు. అక్క దగ్గర ఆ పద్ధతి లేదు. తానే కొలిచి, నోరు మెదపకుండా తానే రాసుకునేది. "బెంచి మీద నలుగురు ఆడోళ్ళు కూసుంటరు. ఒకామె నడుము ఎంతుందో వాళ్ళకెందుకు?" అంది ఒకసారి. ఆమె పదో తరగతిలో ఉండగా ఎవరో టైలరు ఆమె కొలత గట్టిగా చదివాడట, దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారట. ఆ తర్వాత ఆమె ఎవరినీ తన ఒంటి మీద టేపు పెట్టనివ్వలేదు. పాత ఆది జాకెట్టు పరచి, దాని చుట్టూ సుద్దతో గీసుకుని తన జాకెట్లు తానే కుట్టుకునేది.

నలభై ఆరో ఏట మోకాళ్ళు మొరాయించాయి. షుగర్ కూడా పెరిగింది. కడుపు చిన్నది చేసే ఆపరేషన్ ఒక దారి అని హైదరాబాదులో డాక్టరు చెప్పాడు. "నోరు కట్టుకుంటే అయిపాయె, దానికి కడుపు కోయించుకునుడేంది?" అంది వాళ్ళ అత్త. అక్క ఎన్నేళ్ళుగానో నోరు కట్టుకుంటూనే ఉంది. నెలల తరబడి జావ తాగి పది కిలోలు తగ్గేది, మళ్ళీ పన్నెండు పెరిగేది. అది చూసింది నేనొక్కదాన్నే.

"నువ్వు సదువుతవు గద. చెప్పు, చేయించుకోవాల్నా?" అని నన్నడిగింది. చదివినదంతా చెప్పాను. బతికినంత కాలం కొంచెం కొంచెమే తినాలని, మాత్రలు మానకూడదని, ప్రమాదం తక్కువే గానీ లేకపోలేదని. చెబుతూ రెండుమూడు చోట్ల తడబడ్డాను. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది.

"నాకు గూడ భయమే. గని మస్కట్‌ల ఉన్న మీ బావ నన్ను ఆడికి రమ్మనబట్టి ఎన్నేండ్లాయె. ఈ కాళ్ళతోని నేనేడ పోత? దుకాణం ముంగటి మెట్టెక్కుడే అయితలేదు."

ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో గ్లాసుడు నీళ్ళు తాగడానికి ఆమెకు అరగంట పట్టేది. జుట్టు రాలింది. దావత్‌కు పోతే రెండు ముద్దలకే చెయ్యి కడుక్కునేది. "మా ఇంటి బువ్వ మంచిగ లేదా?" అని చుట్టాలు అలిగారు. మధ్యాహ్నం ఆమె ముందు చిన్న గిన్నె, నా ముందు నిండు టిఫిను. నేను తినడం ఆపేదాన్ని.

"నువ్వెందుకు ఆపినవ్? తిను."

"నీకు ఆకలయితలేదా అక్కా?"

"ఆకలి గాదు పొల్లా. మనాది. పోయిన మనిషి యాదికొచ్చినట్లు అన్నం యాదికొస్తది."

ఆ ఏడు బతుకమ్మకు ఆమెకు తెలియకుండా ఒక జాకెట్టు కుట్టాను. ఆమె తగ్గడం రోజూ చూస్తూనే ఉన్నాను. అయినా కొలతలు అడగడానికి సిగ్గుపడి, మేకుకు వేలాడుతున్న పాత ఆదినే నమ్మాను. తొడుక్కుంటే భుజాల మీంచి జారిపోయింది. ఆమె అద్దం ముందు చాలాసేపు నిలబడింది.

"ఈ జాకెట్టుల ఉండేటామె ఏడ వాయె?" అంది. అది సంతోషమో దిగులో నాకు తెలియలేదు. తర్వాత చేతులు పక్కకు చాచి, "టేపు తే" అంది.

కొలిచాను. మాట్లాడకుండా రాయబోతుంటే, "పైకి సదువు" అంది.

"బయట ఆడోళ్ళున్నరు అక్కా. ఇంటరు."

"ఇననీ. నేను గూడ ఇనాలె."

చదివాను. ఛాతీ, నడుము, చెయ్యి, ఒక్కొక్క అంకె. నా గొంతు ఆ పరదా దాటి వినిపించడం అదే మొదటిసారి.  బయట బెంచి మీంచి ఒకామె, "నా జాకెట్టు ఎప్పుడిస్తరో గది గూడ జర పైకి సదువున్రి" అంది. అక్క నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ ఇంకా నవ్వింది.

మరుసటి వేసవిలో మస్కట్ కాగితాలు వచ్చాయి. దుకాణం ఖాళీ చేసే ముందు నన్ను అడిగింది, "పోవాల్నా?" అని. ఆమెకు జవాబు తెలుసు. నా నోటి నుంచి వినాలనుకుంది, అంతే. "పో అక్కా" అన్నాను, తడబడకుండా. మాట్లాడడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకుని ఆమెను పంపేశాను.

ఇప్పుడు శుక్రవారాలు వీడియో కాల్ చేస్తుంది. సముద్రం ఒడ్డున నడుస్తూ మాట్లాడుతుంది. ముఖం సన్నబడింది, మెడ కింద చర్మం వదులైంది. నేనెరిగిన ముఖాన్ని అందులో వెతుక్కోవడానికి కొంచెం సేపు పడుతుంది. "మూడంతస్తులు నడిచే ఎక్కిన ఇయ్యాల" అంటుంది. సంతోషపడతాను, నిజంగానే. ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదు. ఆమె పోవాలనే కోరుకున్నాను. దానితోపాటే ఇంకో మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఉండమని. ఆమె దాన్ని వినలేదు. నేను ఇంతవరకూ డైరీలో కూడా రాయలేదు.