ముక్కు లేచిన పడవ

2023 ఎండాకాలం. ఎనుమాముల మిర్చి మార్కెట్‌కు దగ్గర్లో మా ఫైబర్ షెడ్డు. బాత్రూం తలుపులు, కూలర్ డబ్బాలు, పగిలిన ట్యాంకులకు అతుకులు, ఇదీ మా పని. గాలి అటు నుంచి వీస్తే మిర్చి ఘాటు, ఇటు నుంచి వీస్తే ఫైబర్‌ను అతికే రెజిన్ ఘాటు. ఓనరు సుబేదారిలోని దుకాణంలోనే ఉండిపోవడంతో రోజంతా షెడ్డులో నేనొక్కడినే. మాట్లాడేది గ్రైండర్ ఒక్కటే. అది మొదలుపెడితే నన్ను మాట్లాడనివ్వదు.

సముద్రం లేని ఊళ్లో పడవలు బాగుచేస్తానని నేనెప్పుడూ బోర్డు పెట్టలేదు. అయినా ఒక పొద్దున ట్రాలీ ఆటోలోంచి పాత ఫైబర్ పడవ దిగింది. వెంట ఐలయ్య, ధర్మసాగర్ చెరువులో చేపలు పట్టే పెద్దమనిషి.

“పడవ ఖరాబైంది బిడ్డా. ముక్కు పైకి లేస్తాంది. జర గాలొస్తే గిర్రున తిరుగుతాంది. వల ఎటో, నేనెటో.”

“ఎప్పటిసంది కాక?”

“దసరా పోయినకాంచి. మావోళ్లు అమ్మేయమంటాన్లు. ఇది సక్కగ గాకపోతే ఇగ గట్టు మీద కూసునుడే.”

“గట్టు మీదైతే మునుగుడు ఫికరుండది గదా.”

ఆయన నవ్వలేదు. నా జోకులకు అది అలవాటే.

నాచు, పొలుసులు గీకి కడిగాక అసలు సంగతి కనబడింది. పడవ వెనక భాగంలో ఎయిర్ బాక్స్ ఉంటుంది, అంటే పడవను తేల్చడానికి మూసిపెట్టిన గాలి డబ్బా. దాని అంచున సన్నటి పగులు. తొలిస్తే లోపలి నుంచి నీళ్లు కారాయి. వెనక బరువెక్కింది, ముక్కు లేచింది. రోగం దొరికిందని డాక్టరులా తలూపాను. చూడటానికి ఎవరూ లేరు.

నీళ్లు వంపి, ఎండలో ఆరబెట్టి, పగులు మీద మ్యాట్ పరిచాను. మ్యాట్ అంటే గాజు పీచు గుడ్డ, రెజిన్ తాగి రాయిలా గట్టిపడుతుంది. గ్రైండర్ పెట్టినప్పుడు దాని దుమ్ము ఒళ్లంతా దురద. వీపుకు చెయ్యి అందదు. ఒక్కడే పనిచేసేవాడికి తోడు లేని సంగతి మొదట వీపే చెబుతుంది.

చెరువులో దింపాం. ఐలయ్య ఎక్కి వెనక చెక్క మీద కూర్చున్నాడు. ముక్కు లేచింది. గాలి వచ్చింది. గట్టు మీద ఉన్నవాళ్లందరికీ నా పనితనం నాలుగు దిక్కుల నుంచీ కనబడేలా పడవ గుండ్రంగా తిరిగింది.

“కాకా! ముందటి చెక్క మీదికి జరుగు!” అని అరిచాను.

“గది లచ్చమ్మ జాగ,” అన్నాడు.

గట్టుకు చేరాక చెప్పాడు. భార్య ముందు కూర్చుని తెడ్డేసేది, ఈయన వెనక నుంచి వల విడిచేవాడు. పెళ్లయినప్పటి నుంచీ అంతే. దసరాకు ముందు ఆమె పోయింది. అప్పటిదాకా ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నేను వెతికింది పొక్కలు, పగుళ్లు. పగులు ఉన్నమాట నిజమే, అతికినమాటా నిజమే. కానీ ఇన్నేళ్లు ఆ ముక్కును కిందికి అదిమిపట్టింది ఆమె బరువు.

ఒక జోకు నోటిదాకా వచ్చింది. మింగాను. ఆ నెల నేను చేసిన కష్టమైన పని అదే.

“నడుమ కొత్త చెక్క బిగిస్త కాక. ఒక్కనివే కూసున్నా సమంగ ఉంటది. కాని వలకు జాగ గావాలె. ఉన్న రెండిట్ల ఒకటి కొయ్యాలె.”

ఆయన వంగి, ముందటి చెక్క మీది తడిని అరచేత్తో తుడిచాడు.

“నాది కొయ్యి,” అన్నాడు.

పడవ మళ్లీ షెడ్డుకొచ్చింది. ఆయన చెక్క కోశాను, నడుమ కొత్తది బిగించి మ్యాట్‌తో అంచులు కలిపాను. ఈసారి ముక్కు లేవలేదు. ఐలయ్య ఖాళీ చెక్కకు ఎదురుగా కూర్చుని నీళ్లలోకి సాగిపోయాడు. చెయ్యి ఊపుతాడేమోనని నిలబడ్డాను. రెండు చేతుల్లో తెడ్లున్నాయి పాపం.

అప్పటి నుంచి పగులు ఎక్కడుందని తర్వాత అడుగుతున్నాను. ముందు, దీన్ని ఎంతమంది వాడతారని అడుగుతున్నాను. బాత్రూం తలుపుకు వచ్చినవాళ్లనూ అదే అడిగితే, జనాభా లెక్కలవాణ్ణి చూసినట్టు చూస్తారు. ఎవరో ఒకరు మాత్రం ‘నలుగురం’ అని, వెంటనే ‘కాదు, ముగ్గురం’ అని దిద్దుకుంటారు. అప్పుడు నేను ఇంకేమీ అడగను. టేపు తీసి కొలతలు మొదలుపెడతాను.