బాపు సాంచ, నా కారు బ్రేకులు

కారు బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుందామని జాకీ బయటికి తీశాను. దాని గ్రీజు వాసనకు సిరిసిల్లలోని మా ఇల్లు గుర్తొచ్చింది. అక్కడ మేం మరమగ్గాన్ని సాంచ అనేవాళ్లం. అది ఆగితే బాపు మేస్త్రీని పిలిచేవాడు కాదు. "నా సాంచ మీద ఇంకోని చెయ్యెందుకే?" అని అమ్మను కసిరేవాడు. తనే బిగించి, కళ్లు మూసుకొని దాని చప్పుడు వినేవాడు.

నా భార్య గడపలో నిలబడి చూస్తోంది. "మామ బిగించింది తప్పువోతే బట్టనే ఖరాబయ్యేది. గీ బ్రేకులు తప్పువోతే? రేపు బిడ్డ నడిపేది గిదే కారు. నడుం వంగది గని పంతమొకటి!"

కారును మేమిప్పుడుంటున్న కోరుట్లలో మెకానిక్ షాపుకే ఇచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఇంకొకరు పని చేస్తుంటే బాపు కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. నాకు మాత్రం లేవబుద్ధి కాలేదు.