కీరా కొత్త

పాలీహౌస్ తలుపు తీయగానే ఎండకు కాగిన ప్లాస్టిక్ వాసన, తడిసిన కొబ్బరిపొట్టు వాసన కలిసి ముఖానికి కొడతాయి. వన్ టౌన్ సందుల్లో పెరిగి, కుండీలో కరివేపాకు తప్ప మరో మొక్క ఎరుగని నాకు ఆ వాసనంటే ఇప్పుడు ప్రాణం. ఈ ఉదయం అచ్యుతాపురం దగ్గర కొత్తగా వేసిన పాలీహౌస్ చూడడానికి వెళ్లి, లోపల అడుగుపెట్టగానే చిన్నాలమ్మ గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను.

ఆనందపురం దాటి కొండల వైపు వెళ్తే ఒక చిన్న రిజర్వాయరు, దాని ఒడ్డున ఇరవై కొండదొర గిరిజనుల ఇళ్లు. అప్పటికే నీళ్లలో చేపలు తగ్గిపోయాయి, కుర్రాళ్లు ఒక్కొక్కరే ఫ్యాక్టరీల దారి పడుతున్నారు. మా కంపెనీ అక్కడ ప్లాస్టిక్ కప్పు కింద కూరగాయలు పండించే పాలీహౌస్ ఒకటి వేసి, మొదటి పంట నిలబడితే మరో నాలుగు వేస్తామంది. లేకపోతే ఉన్నదాన్నీ విప్పి పట్టుకుపోతుంది. దాన్ని నడిపించమని ఇరవై మూడేళ్ల నన్ను పంపారు. పనివాళ్లకు మేస్త్రీ చిన్నాలమ్మ, అరవై దాటిన మనిషి. డ్రిప్ పైపులో నీళ్లు ఆగిపోతే నేను పుస్తకం తిరగేసేదాన్ని. ఆవిడ పైపు వెంట వేళ్లతో తడుముకుంటూ వెళ్లి, "ఇక్కడుంది సూడు" అనేది.

మొదటి కీరా దోసకాయలు కోతకొచ్చాయి. మర్నాడు వ్యాను వస్తుంది. సంబరం ఆపుకోలేక ఒక కాయ తెంపి, చున్నీకి తుడిచి, అందరి ముందే కొరికాను. పండాకులు గిల్లుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. బుట్టలు కింద పెట్టి ఒకరి వెనక ఒకరు బయటికి వెళ్లిపోయారు. చిన్నాలమ్మ మాత్రం ఉండిపోయింది.

"ఎలాగుందమ్మా?" అంది.

"బాగుంది. వాళ్లంతా ఏరీ?"

"కొత్త సెయ్యకుండా మేం తిననేము రూతమ్మా. కొర్రలైనా, మాడికాయైనా ముందు పోయిన మా పెద్దోళ్లకెట్టాల, ఆనకే మాకు. కొయ్యడవూ అంతే."

"నాకెవరూ చెప్పలేదే."

"నువ్వడిగితే గదా."

కొర్రకు కొత్త ఉంది, మామిడికి ఉంది. ఎన్నడూ పండించని కీరాకు కొత్త లేదు. చెయ్యాలంటే ఇరవై ఇళ్లూ సరేననాలి. చిన్నాలమ్మ రెండు రోజులు ఇంటింటికీ తిరిగింది, వెనక నేను. కీరా మనకోసం ఆగదు, ముదిరిపోతుంది. ఆవిడ ఒక్కో గడపలో తీరిగ్గా కూర్చుంటుంటే నాకు ఒళ్లు మండేది, ఏడుపొచ్చేది. ఆవిడ అన్నిచోట్లా ఒకటే మాట అడిగింది. "తెలీక తినీసింది. తెలీనోల్ని బైటెడతామా, లోపలెట్టుకుంటామా?"

ఇరవై ఇళ్లూ సరేనన్నాయి. మూడో రోజు పొద్దున్నే పెద్దలకు పెట్టడానికి నీటి ఒడ్డున ఆకులు పరిచారు. చిన్నాలమ్మ ఒక ముక్క నా చేతిలో పెట్టింది. "ముందు తిన్నది నువ్వే గదా, ముందు నువ్వే ఎట్టు. మీ ఏసుబాబుకీ ఓ ముక్కెట్టు, అలుగుతాడు." నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

వాయిదా పడ్డ వ్యాను ఆ మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్లింది సగం కాయలే. మిగతావి ముదిరి పసుపెక్కాయి. స్పీకరు ఫోనులో మా మేనేజరు, ఆలస్యం ఎవరివల్ల జరిగిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా చిన్నాలమ్మ ఫోను మీదికి వంగింది.

"నా వల్లే బాబూ. నానే ఆపినాను. ఈ పాపకేటీ తెలీదు."

కాదు, నా వల్లే అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను అనలేదు. వెళ్లిన కాయలు బాగున్నాయని పాలీహౌస్ ఉంచారు, నన్నూ ఉంచారు. చిన్నాలమ్మను మేస్త్రీ పని నుంచి తీసేశారు.

వారం తర్వాత క్షమించమని అడగడానికి వెళ్లాను. ఆవిడ అందరితో పాటు మామూలు కూలీగా పండాకులు గిల్లుతోంది.

"నువ్వు నోరిప్పితే నిన్ను పంపించీసీవోరు. ఇంకో పిల్లొచ్చీది. దానికి మళ్లీ మొదట్నుంచీ నేర్పాల. నా వల్ల కాదమ్మా," అని నవ్వేసింది. ఆ నవ్వుకు నేను తలెత్తలేకపోయాను.

ఇప్పుడు ఆ ఒడ్డున ఐదు పాలీహౌసులున్నాయి. చిన్నాలమ్మ పోయి రెండేళ్లయింది. నేను ఏ ఊరు వెళ్లినా గింజ నాటకముందే, ఇక్కడ ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో అడుగుతాను. అది ఆవిడ నేర్పిన పనుల్లో తేలికైనది. నా దగ్గర పనిచేసే పిల్లలు పొరపాటు చేసి బిక్కచచ్చి నిలబడితే, పైవాళ్లతో "నా వల్లే" అని నేనే చెప్తాను. వాళ్లు నన్ను గొప్పదాన్ని అనుకుంటారు. ఆ మాట నిజంగా నాదైన రోజున నేను నోరు మూసుకున్నానని వాళ్లకు తెలియదు.