గూన పెంకుల వేసవి

మొన్న భిలాయి నెహ్రూ నగర్‌లో రోడ్డు పక్కన పూలకుండీలు అమ్ముతుంటే రెండు కొందామని ఆగాను. అమ్మే ఆవిడ ఒక కుండీని ఎడమచేత్తో పైకెత్తి, కుడిచేతి వేలి కణుపుతో ఒక్కసారి కొట్టింది. ఖంగుమంది. "పక్కా హై దీదీ" అంది, గట్టిగా కాలిందని. ఆ చప్పుడుకి నేను బేరం సంగతి మరిచిపోయి ఎండలో అలాగే నిలబడిపోయాను. నూకాలత్త ఇంటి పెంకుల్ని ఇలాగే కొట్టి చూసేది. ఖంగుమంటే కుడివైపు పేర్చేది, టప్పుమంటే ఎడమవైపుకి విసిరేసేది. "పగిలినదాని గొంతు దాగదే గుంటా, పెంకైనా మనిసైనా" అనేది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడను ఎరిగినవాళ్లు ఇప్పుడు ఈ చుట్టుపక్కల పెద్దగా లేరు. నేనైనా రాయకపోతే బాగుండదనిపించింది.

తొంభైల మధ్యలో మాట. మా నాన్న భిలాయి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం చేస్తుండగానే జబ్బుచేసి పోయారు. సెక్టారులో మేమున్న క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. రిటైరయ్యాక ఉందామని ఆయన కుమ్హారి ఊరి అవతల ఒక పల్లెలో పాత మట్టిగోడల ఇల్లూ, దాని వెనక కాస్త దొడ్డీ కొని ఉంచారు. కొన్నారే గానీ అందులో ఒక్క పూటా ఉండలేదు. గూన పెంకుల కప్పు మీద కోతులు కాపురం పెట్టి సగం పెంకులు పగలగొట్టాయి. గోడలకు చెద, నూతిలో పూడిక, దొడ్డి నిండా ముళ్లకంప. ఏప్రిల్ ఆఖరున అమ్మా నేనూ సామాను దింపుకునేసరికి నడింట్లో నిలబడితే ఆకాశం కనిపించేది. విజయనగరం నుంచి మా పెద్దమావయ్య ఉత్తరం రాశాడు. జూన్‌లో వస్తానని, ఇల్లు వానకు ఆగేలా ఉంటే ఉండమని, లేకపోతే ఇద్దర్నీ తనతో తీసుకుపోతానని. మావయ్య మంచివాడే. కానీ అన్న ఇంట్లో ఒక మూల ఒదిగి బతకడం అమ్మకు ఇష్టం లేదు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. కుమ్హారిలో ఒక చిన్న బడిలో లెక్కలు చెప్పే పని దొరికి ఏడాదయింది. అది పోతే నాదంటూ చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. కాబట్టి మొదటి వానలోపు ఆ ఇల్లు బాగుపడి తీరాలి.

ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, ఎవరో కట్టి వదిలేసిన ఇంటిని నిలబెట్టి చూడమని ఎవరూ అనలేదు. అది ఇంకా కష్టమని మొదటి రోజే తెలిసింది. చీపురు పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక దొడ్లో అటూ ఇటూ తిరుగుతుంటే దడి అవతల నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏటే, ఆ సీపురుతో పెంకులు ఊడుస్తావేటి?"

బక్కపలచటి మనిషి. అరవై దాటి ఉంటాయి. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, తలకు తుండు చుట్టుకుని ఉంది. "నమస్తే ఆంటీ" అన్నాను.

"ఆంటీ ఏటి ఆంటీ! నానేటి సెక్టారు మేడమునా? అత్తా అను" అంది. అలా నూకాలమ్మ నాకు నూకాలత్త అయింది. ప్లాంటు కడుతున్న రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి తట్టలు మోయడానికి వచ్చిన మనుషుల్లో ఆవిడ ఒకరు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మా దొడ్డి పక్కనే ఒంటిగది పెంకుటింట్లో ఉంటూ, కూరపాదులు పెంచుకుని బతికేది. ఆ సాయంత్రమే మా ఇంటి చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని మూడుసార్లు తిరిగింది. ప్లాంటులో కొలిమి ఆపేసి మరమ్మతు చేసే రోజుల్ని షట్‌డౌన్ అంటారు. "ఇయ్యాల్టి నుంచి నీకు సట్టుడౌను" అని ప్రకటించింది. ముందు నుయ్యి, తర్వాత గోడలు, ఆఖరున కప్పు అంది. నేను లెక్కల టీచర్ని కదా, కప్పే ముఖ్యం గనుక ముందు కప్పే చేయాలని వాదించాను. "మట్టి కలపడానికి నీళ్లేవే? ఉమ్మేసి కలుపుతావేటి?" అంది. అమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

నూతి పూడిక తీయాలంటే ముందు మోటారు పెట్టి ఉన్న నీళ్లు తోడేయాలి. అందుకు ఊళ్లో దుకాలూ అనే పెద్దాయన్ని పిలిచాం. ఆయన వెనక వసారాలో స్విచ్చి దగ్గర, నేను నూతి ఒడ్డున. నీళ్లు అడుగంటి గొట్టం గాలి పీల్చడం మొదలుపెట్టగానే నేను చెప్పాలి, ఆయన ఆపాలి. ఇంతే ఏర్పాటు. నేను భిలాయిలో పుట్టి, హిందీలో చదువుకుని, హిందీలోనే పోట్లాడి పెరిగినదాన్ని. తెలుగులో ఉత్తరం రాయమంటే తడుముకునేదాన్ని. కానీ గొట్టం గురగురమనేసరికి కంగారులో నా నోట అమ్మ మాటే వచ్చింది. "చాలు! చాలు!" అని అరిచాను.

"హవ్ దీదీ, చాలూ హే!" అన్నాడు దుకాలూ ఉత్సాహంగా. హిందీలో చాలూ అంటే నడుస్తోందని కదా. మోటారు నడుస్తోందో లేదోనని అడుగుతున్నాననుకున్నాడు. నేను ఇంకా గట్టిగా "చాలూ!" అన్నాను. ఆయన ఇంకా గట్టిగా చాలూ అన్నాడు. ఇద్దరం అలా ఒకరికొకరు వంతపాడుతుండగా వసారాలోంచి కాలిన వాసన వచ్చింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి మోటారు పొగలు కక్కి ఆగిపోయింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది మా పని. మే నెల ఎండ, నీళ్లు తోడే దారి లేదు, తప్పు పూర్తిగా నాది. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇక విజయనగరం వెళ్లిపోదాం అని కూడా అన్నాను అమ్మతో.

నూకాలత్త సంగతంతా విని పగలబడి నవ్వింది. తను ఈ ఊరు వచ్చిన కొత్తలో ఇసక లారీ డ్రైవరుతో ఇలాగే "చాలు బాబూ, చాలు" అన్నదట. వాడు లారీ మొత్తం దింపేసి, మేస్త్రీ నిలబడ్డ దారి కూడా పూడ్చేశాడట. "నానారోజే నేర్సుకున్నాను. ఆపాలంటే బస్ అనాలి. ఈ ఊళ్లో చాలు అంటే పని ఆగదే, ఎత్తుకుంటాది" అంది. తర్వాత నవ్వు ఆపి నా మొహంలోకి చూసింది. "నువ్వు చాలన్నావు కదా. మరి చాలూ సెయ్యి. లెగు."

దుకాలూ అంతకంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు. పిలవకుండానే మర్నాడు తెల్లారి వచ్చి, తనే నూతిలోకి దిగి తట్టల్లో పూడిక నింపాడు. నూకాలత్త తన ఇంటి నుంచి తెచ్చిన గిలక బిగించి, తాడు నా చేతికిచ్చింది. అయిదు రోజులు లాగాను. అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, గట్టిపడ్డాయి. అన్నం కలుపుకుంటే మంట. అయిదో రోజు అడుగున ఊట కనిపించినప్పుడు దుకాలూ కింద నుంచి కేక పెట్టాడు. ఆ నీళ్లు ఒక్క బొట్టు కూడా మోటారు తోడిపెట్టలేదు. మొత్తం చేత్తో చేదుకుని మట్టి కలిపాం, గోడలు మెత్తాం, అమ్మ పేడతో అలికింది. మిగిలిన నీళ్లు బీర, ఆనప పాదులకు పోశాం. నూకాలత్త రోజూ పొద్దున్నే దడి దాటి వచ్చేది, ఎండ నెత్తికెక్కితే కాసేపు వసారాలో నడుం వాల్చేది, మళ్లీ లేచేది. చేసినదాని కంటే నాతో చేయించిందే ఎక్కువ. ఆ తేడా నాకప్పుడు తెలిసేది కాదు. ముసలమ్మ కూర్చుని పెత్తనం చేస్తోందని లోపల గొణుక్కునేదాన్ని.

కప్పు పని జూన్ మొదట్లో మొదలైంది. ఆవిడ మోకాళ్లకు నిచ్చెన పడదు కాబట్టి నేనే ఎక్కాలి. పాత పెంకులన్నీ దింపి, దుమ్ము దులిపి, మంచివీ పగిలినవీ వేరుచేసి, తక్కువపడ్డవి ఊళ్లో కొని తెచ్చి, తిరిగి ఒకదాని మీద ఒకటి కప్పుకుంటూ పేర్చాలి. ఆవిడ కింద కూర్చుని కొట్టి చూసి ఇచ్చేది, దుకాలూ నిచ్చెన మీద నిలబడి అందించేవాడు. "వాసం మీద అడుగెయ్యి, పెంకు మీద కాదు. నువ్వు నడిసింది నీ ఇంటి నెత్తి మీదే" అని కింద నుంచి అరుస్తూనే ఉండేది. మొదటి రోజు నా కాళ్ల కింద విరిగినన్ని పెంకులు కోతులు కూడా విరిచి ఉండవు.

ఒక మూల మిగిలిందనగా నాకు ఓపిక అయిపోయింది. వెనక గది మీద చివరి రెండు వరసలు. అక్కడ పాత పెంకులు బాగానే ఉన్నట్టు కనిపించాయి. "ఇటువైపు వాన కొట్టదులే అత్తా" అన్నాను.

"ఆ మూలకి రావద్దని వానకి సెప్పీసినావేటి?"

"పైకి బాగానే ఉన్నాయి."

"తీసి కొట్టు. నాకు ఇనబడాలి."

తీసి కొట్టాను. టప్పుమంది. ఇంకోటి తీసి కొట్టాను. అదీ టప్పుమంది. ఆ వరసే కాదు, దాని పక్క వరస కూడా విప్పించింది. "ఆంధ్రులు ఆరంభశూరులని ఊరికే అన్నారేటి" అని దెప్పింది కూడా. నాకు ఎంత కోపం వచ్చిందంటే, రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడేమీ పట్టించుకోలేదు. పెంకు ఇచ్చేది, నేను అందుకునేదాన్ని. మాటలు లేకపోయినా పని నడిచింది. రెండో రోజు సాయంత్రం చివరి పెంకు పెట్టి దిగాక, ఆవిడ నా చేతులు తిప్పి అరచేతులు చూసింది. "ఇప్పుడివి సేతులు" అని తన ఇంటికి వెళ్లిపోయింది.

మావయ్య వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. ముందు దుమ్ము లేచింది, వెనకే వాన. ఛత్తీస్‌గఢ్ మొదటి వాన పలకరింపుగా రాదు, మీద పడుతుంది. మావయ్య నడింట్లో కుర్చీ వేసుకుని కూర్చుని తలెత్తి చూస్తున్నాడు. అమ్మ వంటగది గుమ్మం పట్టుకుని నిలబడింది. పావుగంటయ్యాక మావయ్య కుర్చీ ఎత్తి వెనక గదిలో, సరిగ్గా ఆ మూల కింద వేసుకున్నాడు. అక్కడా కారలేదు. మళ్లీ ముందు గదిలోకి వచ్చాడు. అలా కుర్చీ మోసుకుంటూ ఇల్లంతా తిరిగి, ఆఖరికి చొక్కా భుజాలు తడిమి చూసుకున్నాడు.

"ఏటే చెల్లీ, పొడిగానే ఉందే" అన్నాడు. "ఉండండి మరి. అమ్మాయి ఉద్యోగం చూసుకుంటుంది."

నాన్న పోయాక అమ్మ గొంతెత్తి నవ్వడం అదే మొదటిసారి విన్నాను. మావయ్య మర్నాడు పొద్దున్నే దుర్గ్ స్టేషనుకి వెళ్లి బండెక్కాడు. వాన రాత్రంతా కురిసి తెరిపిచ్చింది. అమ్మ మినపరొట్టె కాల్చి గిన్నెలో పెట్టి, ముందు నూకాలత్తకి ఇచ్చి రమ్మంది. నేను గెలిచినదానిలా దడి దాటి వెళ్లాను. గుమ్మంలోనే ఆగిపోయాను.

నేల మీద ఒక చెంబు, రెండు గిన్నెలు, ఒక మూకుడు, అన్నం కంచం, ఒకప్పుడు ఇసక మోసిన ఇనప తట్ట. అన్నిట్లో నీళ్లు. పక్కబట్ట ముద్దయిపోయి దండెం మీద ఉంది. పొయ్యి తడిసి ఒక పక్క కూలింది. ఆవిడ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, మీగడ తీస్తున్నంత నింపాదిగా తట్టలో నీళ్లు ముంచి బయటికి పోస్తోంది. నేను తల ఎత్తాను. పెంకులు ఏటా వేసవిలో విప్పి తిరగేసుకోవాలి, ఆ కప్పుని ఆ ఏడు ఎవరూ తిరగేయలేదు. రోజూ తెల్లారి మా ఇంటికొచ్చి పొద్దుగూకాక వెళ్లిన మనిషికి తీరిక ఎక్కడిది? ఏడు వారాలు మా ఇల్లు తప్ప ఇంకేమీ చూడని నేను, ఆవిడ నెత్తి మీది పెంకుల వైపు ఒక్కసారీ చూడలేదు.

"ఎందుకు చెప్పలేదత్తా?" అన్నాను. కోపంగానే అన్నాను. సిగ్గేస్తే నాకు ముందు కోపమే వస్తుంది.

"సెబితే ఏటి సేద్దువు? సగం ఇక్కడా సగం అక్కడా ఏద్దువు. రెండిళ్లూ తడిసిపోను. ఒక్కటైనా నిండా ఆరాలి కదేటే" అంది. తర్వాత గిన్నెలోకి తొంగి చూసి, "రొట్టి సల్లారిపోతాది, ఇలా తే" అంది.

రొట్టె చేతికిచ్చి నిచ్చెన తెచ్చాను. తడి పెంకుల మీద జారి చస్తావని ఆవిడ తిట్టింది. ఆవిడ మాట వినకపోవడం అదే మొదలు. వాన ఆగినప్పుడల్లా ఎక్కి, మూడు రోజుల్లో ఆ కప్పు ముగించాను. ఆ తర్వాత ఆవిడ బతికి ఉన్నన్ని వేసవులూ ముందు ఆవిడ ఇల్లు, తర్వాత మాది.

ఇప్పుడు మాది స్లాబు ఇల్లు. తిరగేయడానికి పెంకుల్లేవు. అయినా మొదటి వాన వెలిసిన మర్నాడు ఇంట్లో కాలు నిలవదు. చుట్టుపక్కల మిగిలిన పెంకుటిళ్ల గుమ్మాల్లో నిలబడి, పలకరించే వంకతో లోపల నేల మీదికి చూస్తాను. మా ఇల్లు కారుతోందని ఎవరూ నోరు విప్పి చెప్పరు. గిన్నెలు ఎక్కడెక్కడ పెట్టారో చూసుకుని, ఇంటికొచ్చి నిచ్చెన తీస్తాను.