బీట్‌రూట్‌తో డెంగీని గెలిచిన పూట

బుధవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు నేను డెంగీని ఓడించాను. ఎనిమిది కాకముందే నా పరువు కోకాపేటలోని మా పద్దెనిమిదో అంతస్తు నుంచి, లిఫ్టు కోసం కూడా ఆగకుండా, కిందపడింది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

మా మనవరాలు అన్వికి ఏడేళ్లు. శనివారం జ్వరం మొదలైంది. కళ్ల వెనక నొప్పి, ఒంటి మీద ఎర్రటి మచ్చలు. పరీక్ష చేసి డెంగీ అన్నారు. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఊరుకుంటానా? గంటగంటకూ జ్వరం, పూటపూటకూ బీట్‌రూట్ రసం, అన్నీ గ్రాఫు కాగితం మీదే.

ఆ బుధవారం జ్వరం తొంభై ఎనిమిదికి దిగింది. అంతలో రక్తపరీక్ష రిపోర్టు ఫోన్లోకి వచ్చింది. ప్లేట్‌లెట్లు తగ్గాయి, నిజమే. కానీ హెమటోక్రిట్ అట, రక్తంలో ఎర్రకణాల శాతం, ముప్పై ఆరు నుంచి నలభై నాలుగుకు ఎగబాకింది!

"మాధవీ! పిల్లకు రక్తం పట్టిందే! అంతా నా బీట్‌రూటే!"

మా అమ్మాయి ఆఫీసు కాల్‌ను మ్యూట్‌లో పెట్టింది. "కడుపు నొప్పి అంటోందమ్మా. చేతులు కూడా చల్లగా ఉన్నాయి."

"జ్వరం పోతే చల్లగా కాక సెగలు కక్కుతాయా?"

వెంటనే అపార్ట్‌మెంట్ గ్రూపులో నా గ్రాఫు పెట్టేశాను, రక్తపరీక్ష రిపోర్టు, రసం కొలతలతో సహా. పదకొండు దణ్ణాలు వచ్చాయి. పన్నెండోసారి దణ్ణం రాలేదు, మనిషే వచ్చింది. కింది అంతస్తులో ఉండే నర్సు ఎస్తేరు, డ్యూటీకి పోబోతూ, చెప్పులతోనే.

"అమ్మమ్మా, జర ఆగుండ్రి. పాప ఒంటికి ఎప్పుడు పోయింది?"

నా గ్రాఫులో ఆ వరుసే లేదు! అన్వే నీరసంగా చెప్పింది, "నిన్న సాయంత్రం."

ఎస్తేరు పాప గోరు నొక్కి వదిలింది. తెల్లబడిన గోరుకు ఎరుపు వెంటనే తిరిగి రాలేదు. ముఖం మారిపోయింది. "పప్పుచారు మరిగి చిక్కబడితే, పప్పు పెరిగినట్టా?"

"నీళ్లు ఇగిరినట్టు," అన్నాను.

"గిదీ గంతే! రక్తంలో నీళ్లు నరాల్లకెళ్లి బయటికి కారుతున్నయి. జ్వరం దిగినప్పుడే అసలు ఫికర్. నడువుండ్రి దవాఖానకు!"

శాతం పెరిగితే భిన్నంలో పైది పెరిగిందో, కిందిది తగ్గిందో చూడమని బెత్తం పట్టుకుని చెప్పినదాన్ని నేనే! లిఫ్టులో పాప చల్లటి చేతులు పట్టుకుని పద్దెనిమిది అంతస్తులూ లెక్కపెట్టాను. మధ్యలో రెండుసార్లు తప్పాను.

సెలైన్ ఎక్కించారు. సాయంత్రం నాలుగూ ఐదుకు అన్వి, "అమ్మమ్మా, ఒంటికి!" అంది. వార్డంతా ఉలిక్కిపడేలా చప్పట్లు కొట్టాను. శుక్రవారానికి హెమటోక్రిట్ ముప్పై ఏడు. మార్కులు తగ్గాయని నేను మిఠాయి పంచింది జీవితంలో ఆ ఒక్కసారే.

ఇకమీదట జ్వరం దిగిందని విజయం ప్రకటించనని, ఒంటికి లెక్క లేని గ్రాఫు గీయనని, బీట్‌రూట్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

పోయినవి: బీట్‌రూట్లు తొమ్మిది, గ్రాఫు కాగితాలు నాలుగు, లెక్కల టీచరు పరువు ఒకటి.