ఆతే వెనక్కిచ్చిన చీరలు

నిన్న పొద్దున కాఫీ తాగుతూ ఏదో బిల్లు కట్టడానికి కంప్యూటర్ తెరిచినదాన్ని, ఆ పని వదిలేసి, అమెరికాలో అందరి పెన్షన్లూ చూసే సోషల్ సెక్యూరిటీ వాళ్ళ పేజీలోకి వెళ్ళాను. నా పేరు, కింద ఏడాదివారీగా నా సంపాదన పట్టిక, దాని మీద ఒకే ఒక వాక్యం. పెన్షన్‌కి కావలసిన నలభై క్రెడిట్లు మీకు పూర్తయ్యాయి అని. అంతే, ఇంకో మాట లేదు. మా ఆయన పక్క గదిలో తలుపు వేసుకుని మీటింగ్‌లో ఉన్నాడు, వెళ్ళి చెప్పడానికి లేదు. చెప్పినా, "నీకిప్పుడు రిటైర్మెంట్ ఏమిటి" అంటాడు. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకుని, ఖాళీ వంటింట్లోకి వెళ్ళి పైకే అన్నాను, "ఆతే, అయిపోయాయి" అని.

ఆతే అంటే ఫిలిప్పీన్స్ వాళ్ళ మాటల్లో అక్క. ఆవిడకో అందమైన పేరు ఉండేది. మా వాళ్ళెవరికీ అది నోరు తిరగకపోతే ఆవిడే విసిగిపోయి, "కాల్ మీ ఆతే" అంది. వాషింగ్టన్ దగ్గర షాంటిలీలో మా అక్కావాళ్ళింట్లో అక్క అత్తగారిని చూసుకోవడానికి వచ్చింది. పెద్దావిడకి పక్షవాతం వచ్చి కుడికాలు సరిగా పడేది కాదు. అక్క బ్యాంకులో ఉద్యోగం, బావగారు గుండె డాక్టరు, పొద్దున వెళ్తే ఎప్పుడొస్తారో వాళ్ళకే తెలియదు. ఆతే పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ ఉతికిన బట్టల సబ్బు వాసనతో ఉండేది. పెద్దావిడని లేపి, స్నానం చేయించి, నడిపించి, మందులు వేసి, మధ్యాహ్నం ఇద్దరూ టీవీలో మన సీరియల్ చూసేవారు. భాష రాకపోయినా ఏ కోడలు చెడ్డదో ఆతేకి మా అందరికన్నా ముందు తెలిసిపోయేది. పెద్దావిడని ఆమె "లోలా" అనేది, అంటే అమ్మమ్మ. పెద్దావిడ ఆమెని "పిల్లా" అనేది. ఆ పిల్లకి అప్పటికి అరవై ఒకటి.

నేనా, పెళ్ళై హెచ్-ఫోర్ వీసా మీద వచ్చిన కొత్త. మొగుడి వీసాకి తోకలా అంటుకుని వచ్చే వీసా అది. ఉండొచ్చు, వండొచ్చు, పని చేయకూడదు. ఉద్యోగం చేయకూడని వాళ్ళకి సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఇవ్వరు. డ్రైవింగ్ లైసెన్స్ కావాలంటే ముందు ఆ ఆఫీసుకి వెళ్ళి, ఈమెకి నంబరు పొందే అర్హత లేదు అని ఒక ఉత్తరం రాయించుకుని రావాలి. ఎమ్మెస్సీలో ఫస్టు క్లాసు వచ్చిన నాకు ఈ దేశం ఇచ్చిన మొదటి సర్టిఫికెట్ అది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచాను, కోపం చల్లారకుండా ఉండడానికి. మా అపార్ట్‌మెంటు అక్కావాళ్ళింటికి పది నిమిషాలు. మా ఆయన ఆఫీస్‌కి వెళ్ళగానే అక్కడికి చేరేదాన్ని. అక్క పిల్లల్ని స్కూలు బస్సు దగ్గర దింపుకోవడం, వంట, ఇండియన్ స్టోరు, అన్నీ నావే. "నువ్వు ఖాళీగానే ఉన్నావుగా" అనేది అక్క, ప్రేమగానే.

అమెరికా వచ్చాక మన వాళ్ళ నోట పనిమనిషి అన్న మాట రాదు. సిగ్గు. "తను మా ఇంట్లో మనిషే" అంటారు. అనడమే కాదు, అలాగే చూస్తారు కూడా. ఆతేకి అక్క మాతో పాటే వడ్డించేది. వరలక్ష్మీ వ్రతానికొక చీర, దసరాకొక చీర, బొట్టు పెట్టి చేతిలో పెట్టేది. అవేమీ నాసిరకం చీరలు కావు, నేను పక్కనుంచి కుళ్ళుకున్నవి. అయితే ఆవిడ ఒక్కటీ కట్టగా చూడలేదు. కట్టడం రాదు, మేమెవరం నేర్పనూ లేదు. జీతం మాత్రం ప్రతి శుక్రవారం బావగారు కవరులో నోట్లు పెట్టి ఇచ్చేవారు. పన్ను గొడవ లేకుండా మొత్తం చేతికి ఇవ్వడం ఆమెకి మేలు చేయడమేనని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. మంచివాడే, ఆ మాట ఇప్పుడూ అంటాను. మంచివాళ్ళతోనే వాదించడం కష్టం.

మూడేళ్ళు దాటాక ఒక వసంతంలో ఆతే పేరు మీద ఒక ఉత్తరం వచ్చింది. ఆ రోజుల్లో ఎవరి సంపాదన ఎంత నమోదైందో ఏటా పోస్టులో పంపేవారు. ఆవిడ వంటింటి బల్ల మీద దాన్ని తెరిచి, చాలాసేపు చూసి, నా వైపు తిప్పింది. అంతకు ముందు నర్సింగ్ హోమ్‌లో పని చేసిన ఆరేళ్ళూ అంకెలు ఉన్నాయి. మా అక్క ఇంటికి వచ్చిన దగ్గర నుంచి వరుసగా మూడు సున్నాలు. అప్పుడు నాకు వేలు పెట్టి చూపిస్తూ లెక్క చెప్పింది. జీతంలోంచి పన్ను కట్టిన ఏడాదికి నాలుగు క్వార్టర్లు, అంటే నాలుగు క్రెడిట్లు. నలభై ఉంటేనే పెన్షన్, ముసలితనంలో ఆస్పత్రి ఖర్చు. నర్సింగ్ హోమ్‌వి ఇరవై నాలుగు ఉన్నాయి. ఇక్కడి మూడేళ్ళూ, నడుస్తున్న ఏడాదీ కలిస్తే పదహారు, వెరసి నలభై. ఈ డిసెంబరుకి ఇంటికి వెళ్ళిపోవచ్చు. కలవకపోతే మళ్ళీ మొదటి నుంచీ నాలుగేళ్ళు, ఈ మోకాళ్ళతో.

గ్రీన్‌కార్డు ఉన్న మనిషి, దాచుకోవలసింది ఏమీ లేదు. పైగా వాళ్ళ దేశంలోనూ ఇలాంటి పెన్షనే ఒకటి ఉందట, దేశం దాటి వెళ్ళినవాళ్ళూ కట్టుకోవచ్చట. మూడు నెలలకోసారి, గురువారం సెలవు రోజున, ఎండైనా మంచైనా బస్సెక్కి వెళ్ళి దానికి కట్టి వచ్చేది. ఆ రసీదులన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో ఉండేవి. "అంత దూరంలో ఉన్న మా దేశానికి నేను పని చేస్తున్నానని తెలుసు. ఈ ఇంటికి తెలియదు" అంది ఇంగ్లీషులో, కోపం లేకుండా. తరవాత నన్ను అడిగింది, "నీకెన్ని క్వార్టర్లున్నాయి?" ఆ మాటకి నాకు మా ఊరి బ్రాందీ షాపు గుర్తొచ్చి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నాకు నంబరే లేదని చెప్పాను. "పొద్దుటి నుంచీ రాత్రి దాకా చేస్తావు, సున్నా కూడా లేదా" అంది. నవ్వు ఆగిపోయింది.

బావగారిని అడిగింది. "చూద్దాం ఆతే, మా అకౌంటెంట్‌తో మాట్లాడతాను" అన్నారు. వేసవి అంతా చూశారు. మళ్ళీ అడిగితే, "ఇదంతా ఎందుకు, నీకేం కావాలన్నా మేం లేమా, యు ఆర్ ఫ్యామిలీ" అన్నారు. ఆవిడ గదిలో ఒక మూల నా నడుమెత్తు అట్టపెట్టె ఎప్పుడూ ఉండేది. సబ్బులు, చాక్లెట్లు, టూత్‌పేస్టులు, పిల్లల బూట్లు సర్ది, నిండగానే ఓడలో ఇంటికి పంపేది. ఆతే ఆ గది వైపు చూపించి, "నాకు ఫ్యామిలీ ఉంది డాక్. వాళ్ళకి బాక్సులు పంపుతాను. మీరు నా బాస్" అంది. బావగారి మొహం చిన్నబోయింది. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు కూడా, ఏమిటీవిడ ఇంత విశ్వాసం లేకుండా మాట్లాడుతోంది అనిపించింది. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ శ్రావణంలో వ్రతానికి అక్క పదిమందిని పిలిచింది. హాలంతా పట్టుచీరలు, నానిన శనగల వాసన. పేరంటాళ్ళకి తాంబూలాలు అయ్యాక అక్క ఆతేని పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, చిలకాకుపచ్చ చీర ఒకటి ఇవ్వబోయింది. ఆతే చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది. "వన్ మినిట్ మామ్" అని లేచి మేడ మీదికి వెళ్ళింది. మెట్ల మీద ఆవిడ మోకాళ్ళ చప్పుడు అందరికీ వినిపించింది. దిగేటప్పుడు చేతుల్లో ఆరు చీరలు, మడత నలగకుండా, ఒక్కోదాంట్లో అక్క పెట్టిన జాకెట్టుముక్కతో సహా. వాటిని సోఫా మీద పెట్టి, "ఇవి చాలా మంచి చీరలు మామ్. కానీ సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో వీటిని తీసుకోరు" అంది. నుదుట బొట్టు తుడుచుకోకుండానే వెళ్ళి పెద్దావిడకి మందు వేసింది.

అక్క ఆ రాత్రి ఏడ్చింది. వాయనం తిప్పి కొట్టిందని, పదిమందిలో పరువు తీసిందని. పేరంటానికి వచ్చిన ఒక ఆంటీ ఫోన్ చేసి, "మీరు నెత్తికెక్కించుకున్నారమ్మా, వెంటనే మార్చేయండి" అని సలహా కూడా ఇచ్చింది. నేను అక్క పక్కనే కూర్చుని, "చీర నచ్చక కాదక్కా, మనం ఇవ్వాల్సింది అది కాదు" అన్నాను. అక్కకి ఎదురు చెప్పడం జన్మలో అదే మొదటిసారి. "నువ్వు కూడానా" అంది. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను మాత్రం రోజూ వెళ్ళాను, వండాను, పప్పులో ఉప్పు కాస్త ఎక్కువే వేశాను. లైబ్రరీకి వెళ్ళి ఇంట్లో పనివాళ్ళని పెట్టుకున్న యజమానులు ఏం కట్టాలో చెప్పే గవర్నమెంటు పుస్తకం తెచ్చి చదివాను. ఇంట్లో మనిషి అన్న మాట అందులో ఎక్కడా లేదు. పాత ఏడాదులు కలపడానికి గడువుందనీ, దాటితే కష్టమనీ మాత్రం ఉంది.

ఇలా ఉండగా నవంబరు వచ్చింది. పెద్దావిడ గుంటూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఏటా నవంబరులో తాను బతికే ఉన్నట్టు లైఫ్ సర్టిఫికెట్ పంపకపోతే పెన్షన్ ఆగిపోతుంది. అందుకని చలిలో స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, చక్రాల కుర్చీలో వాషింగ్టన్ దాకా వెళ్ళి, మన ఎంబసీలో ముద్ర వేయించుకుని వచ్చేది. ఆ ఏడు ఒక ఆదివారం బావగారు అలవాటు ప్రకారం, "ఎందుకమ్మా ఈ అవస్థ, ఆ కాస్త పెన్షన్‌కి రెండింతలు నేనిస్తాను" అన్నారు. ఏటా అనేమాటే. పెద్దావిడ ఏటా నవ్వి ఊరుకునేది. ఆసారి నవ్వలేదు.

"నువ్విచ్చేది నీ ప్రేమరా. ఇది నా సర్వీసు. నైట్ డ్యూటీలు చేసి, చెవులు దిమ్మెక్కిపోయి సంపాయించుకున్నా. ఒకరి దయ కాదు" అంది. పక్షవాతం వచ్చాక ఆవిడ మాట ముద్దగా వచ్చేది. ఆ రోజు ప్రతి అక్షరం తెలిసింది. "ఆ పిల్లదీ అంతే. దాని కాయితం పంపించిందాకా నా కాయితం మీద సంతకం పెట్టను. ఆగిపోతే ఆగిపోనీ."

బావగారు నవ్వుతూ తేలికగా తీసుకోబోయారు. ఆవిడ కలం మూత పెట్టి దిండు కింద దాచేసింది. ఒక వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. ఆతే, "వద్దు లోలా, సైన్ చెయ్" అని బతిమాలింది. ఆవిడ అటు తిరిగి పడుకుంది. నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులుందనగా బావగారు బల్ల దగ్గర కూర్చుని, నా లైబ్రరీ పుస్తకం అడిగి తీసుకున్నారు. మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివారు. లేచి, "నేను తప్పు చేశాను" అన్నారు, ఎవరి వైపూ చూడకుండా. డాక్టర్లు ఆ మాట అనగా నేను మళ్ళీ వినలేదు.

ఫారాలు నింపే పని మామూలుగానే నా మీద పడింది. నేను నింపుతుంటే ఆతే పక్కన నిలబడి, "దీనికి నీకెంత ఇస్తారు" అంది. తీసుకోకూడదు కదా, వీసా ఒప్పదు అన్నాను. "అయితే ఇదొక్కటి నా కోసం చెయ్. మిగతావి ఊరికే చేయకు" అంది. నా ప్లాస్టిక్ కవరులోని ఉత్తరం చూసి, పారేయొద్దని కూడా చెప్పింది. పాత ఏడాదుల పన్ను, ఆవిడ భాగంతో సహా బావగారే కట్టారు. పెద్దావిడ ఎంబసీకి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు చక్రాల కుర్చీ తోసింది ఆతేనే, ఇద్దరూ యుద్ధం గెలిచిన రాజుల్లా.

మరుసటి వసంతంలో వచ్చిన ఉత్తరంలో సున్నాలు లేవు. నలభై. ఆతే వెంటనే వెళ్ళలేదు, పెద్దావిడ పోయేదాకా ఇంకో రెండేళ్ళు ఉంది, ఈసారి ప్రతి శుక్రవారం చెక్కుతో, పేస్లిప్పుతో. వెళ్ళే రోజున అక్క ఆ చిలకాకుపచ్చ చీర తీసింది. "ఇప్పుడు తీసుకుంటావా" అని అడిగింది. తీసుకుంది. అక్కే స్వయంగా ఆవిడకి కట్టింది.

రెండువేల పదిహేనులో రూలు మారి, నాలాంటి వాళ్ళలో కొందరికి పని చేయడానికి అనుమతి వచ్చింది. ఇన్నేళ్ళ తరవాత ల్యాబులో చిన్న ఉద్యోగం దొరికింది. మొదటి పేస్లిప్పులో సోషల్ సెక్యూరిటీకి కోసుకున్న అంకె చూసి నేను మురిసిపోతుంటే, జీతం కోతపడితే సంతోషించే మనిషిని నిన్నే చూశానన్నాడు మా ఆయన. అప్పటికి ఆతే వాళ్ళ ఊళ్ళో సముద్రం దగ్గర ఇంట్లో ఉంది. ఫోన్ చేస్తే ఒకటే అడిగింది, "ఎన్ని?" ఒకటి అన్నాను. "ఇంకా ముప్ఫై తొమ్మిది" అని పెట్టేసింది.

నిన్న సాయంత్రం మళ్ళీ చేశాను. ఇప్పుడు ఎనభైకి దగ్గర పడింది, చెవులు సరిగా వినబడవు. నలభై అని మూడుసార్లు అరవవలసి వచ్చింది. ఆ తరవాత, "దానికి ముందువి?" అంది. నేను పట్టిక వైపు చూశాను. రెండువేల పదిహేను దగ్గర మొదలవుతుంది అది. అంతకు ముందు నేను లేను. వండిన అన్నాలు, బస్సు దగ్గర ఎదురుచూసిన మధ్యాహ్నాలు, నింపిన ఫారాలు, ఏవీ లేవు. "అవి ఎక్కడా రాసి లేవు ఆతే" అన్నాను. "అయితే నువ్వే రాయి" అంది. అందుకే రాస్తున్నాను. కాలం ఎలాగూ గడుస్తుంది, ఎవరూ ఆపలేరు. మన కాలం మన పేరు మీదే గడవాలని మాత్రం గొంతెత్తి అడగాలి, బొట్టు చెరగకుండా, ఆరు చీరలు చేతుల్లో పెట్టుకుని అయినా సరే.